ఉద్యోగం చేస్తూ గేమ్ రైటింగ్: పరిచయంలో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: పగలు అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. రాత్రిళ్లు, సెలవుల్లో గేములకు కథలు, సంభాషణలు రాస్తుంటాను. ఫ్రీలాన్స్ పని కోసం స్టూడియోలకు మెయిల్ పెట్టేటప్పుడు ఈ ఉద్యోగం సంగతి చెప్పాలా? చెబితే సరదాకి రాసేవాణ్నని పక్కన పెట్టేస్తారేమో!

జవాబు: చెప్పండి. కాకపోతే మొదటి వాక్యంలో వద్దు. మెయిల్ తెరిచినవాళ్లకి ముందు తెలియాల్సింది మీరేం రాస్తారన్నది. ‘గేమ్ రైటర్‌ని’ అంటే సరిపోదు. గేముల మీద సమీక్షలు రాసేవాళ్లూ, గేము లోపలి మాటలు రాసేవాళ్లూ ఆ మాటే వాడతారు. మీరు రెండో రకం కాబట్టి అందులో మీ చెయ్యి తిరిగినదేదో చెప్పండి: ఆటగాడికి అప్పగించే పనులైన క్వెస్టులా, ఎంపికను బట్టి దారులు మారే సంభాషణలా, పోరాటాల మధ్య పాత్రలు అరిచే బార్కులా, వస్తువుల వివరణలా? రెండు చాలు. అన్నీ రాస్తానన్నవాళ్లని ఏ పనికి పిలవాలో ఎవరికీ తోచదు.

ఇక ఉద్యోగం. స్టూడియోకి అది గంటల లెక్క, అంతే. ‘తీరిక దొరికినప్పుడు రాస్తాను’ అన్న ఒక్క మాట మెయిల్ మూసేయడానికి చాలు. వారానికి ఎన్ని గంటలు, ఏ వేళలో కాల్‌కి దొరుకుతారు, మెయిల్‌కి ఎంతసేపట్లో జవాబిస్తారు, మీ సమయం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి ఎంత ముందో వెనకో రాయండి. ఇలాగన్నమాట (ఇందులోని ఇంక్, ఎంపికలతో సాగే కథలు రాసే సాధనం):

‘సంభాషణలు, క్వెస్టులు రాసే ఫ్రీలాన్స్ రైటర్‌ని. మీ డెమో ఆడాను. పడవవాడితో అబద్ధమాడితే అతను తర్వాతి రేవులో దాన్ని గుర్తుచేయడం బాగుంది. అలాంటి సన్నివేశమే ఒకటి ఇంక్‌లో రాశాను, లింకు కింద ఉంది. ఆడటానికి ఆరు నిమిషాలు పడుతుంది. పగలు వేరే ఉద్యోగం ఉంది. వారానికి పది గంటలు రాతకు కేటాయించాను, మెయిల్‌కి ఒక రోజులో జవాబిస్తాను.’

ఇంతకు మించి అక్కర్లేదు. చిన్నప్పటి నుంచి గేములంటే ప్రాణమన్న పేరా కొట్టేయండి. అది అందరూ రాసేదే. వాళ్ల గేముకి మీరు ఊహించిన కథ పంపడం ఇంకా ప్రమాదం. అడగకుండా వచ్చిన ఆలోచనల్ని రేపు హక్కుల గొడవ వస్తుందని చాలా సంస్థలు చదవనే చదవవు.

గంటలు చెప్పేటప్పుడు చాలామంది మొదటి చిత్తుకి పట్టే సమయమే లెక్కేస్తారు. తీరా లెవెల్ (గేములో ఒక దశ) డిజైన్ మారి ఒక గది ఎగిరిపోతుంది. ఆ గదిలో దొరికే తాళంచెవి గురించి మాట్లాడే మూడు పాత్రల మాటలూ తిరగరాయాలి. అదీ వాయిస్ రికార్డింగ్ ముందురోజు, మీరు ఆఫీసులో ఉండగా. అందుకే వారానికి పన్నెండు గంటలు దొరుకుతాయనుకుంటే ఎనిమిదే చెప్పండి.

ప్రశ్న: నేను రాసిన గేము ఒక్కటీ విడుదల కాలేదు. నమూనాగా ఏం చూపించాలి? రాసిన నవలిక ఒకటుంది.

జవాబు: నవలిక పక్కన పెట్టండి. ఆటగాడి చేతికి ఎంపిక ఇచ్చి కూడా కథ తెగకుండా నడపగలరా అన్నది అందులో కనబడదు. ట్వైన్ కూడా ఇంక్ లాంటి సాధనమే, రెండూ ఉచితం. ట్వైన్‌లో చేసింది ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా బయటికొస్తుంది, బ్రౌజర్లో నేరుగా ఆడొచ్చు. ఇంకిల్ స్టూడియో తయారుచేసిన ఇంక్, 2016 నుంచి ఓపెన్ సోర్స్. ఒక్క సన్నివేశం, ఏడెనిమిది వందల మాటలు, మొదట్లో చేసిన ఒక ఎంపిక చివర్లో గుర్తుకు రావాలి. అంతే చాలు.

ఇంక్‌లో కొత్తవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. నక్షత్రం గుర్తుతో రాసిన ఎంపికను ఒకసారి ఎంచుకుంటే మళ్లీ రాదు. ప్లస్ గుర్తుతో రాసింది ఎన్నిసార్లయినా వస్తుంది. దుకాణదారు దగ్గర ప్రశ్నలన్నీ నక్షత్రంతో పెడితే, అన్నీ అడిగేసి మళ్లీ వచ్చిన ఆటగాడికి ఎంపికే మిగలదు, కథ అక్కడే ఆగిపోతుంది. కనీసం ‘వెళ్లొస్తాను’ అన్నదైనా ప్లస్‌తో ఉండాలి. లింకు పంపేముందు ప్రతి దారీ చివరిదాకా ఆడి చూడండి.

దానికి తోడు ఒక స్ప్రెడ్‌షీట్. ‘తూటాలు అయిపోయాయి’ లాంటి ఒకే సందర్భానికి ఒకే పాత్ర నోట ఆరు రకాల మాటలు. వరుసలో లైన్ ఐడీ (ఆ మాటకిచ్చే గుర్తింపు సంఖ్య), పాత్ర, సందర్భం, మాట, అక్షరాల పరిమితి. అనువాదకులకీ రికార్డింగ్ వాళ్లకీ వెళ్లేది ఇలాంటి షీటే. సందర్భం గడి ఖాళీగా ఉంటే ఆ మాట అరుపో గుసగుసో నటుడికి తెలియదు.

కొద్ది రోజుల్లోనే గేము తయారుచేసే గేమ్ జామ్‌లో పనిచేసి ఉంటే అదీ చెప్పండి. అయితే జట్టు చేసిందంతా మీ ఖాతాలో వేసుకోకుండా, మీరు రాసిన భాగమేదో స్పష్టంగా రాయండి.

ప్రశ్న: ఆఫీసులో ఈ విషయం చెప్పాలా?

జవాబు: ముందు నియామక ఒప్పందం తీసి చూడండి. బయటి పనుల గురించి ఏముంది? మీరు సృష్టించినదాని హక్కులు ఎవరివని రాసుంది? కొన్ని ఒప్పందాలు ఆఫీసు వేళల బయట రాసినదానిపై కూడా హక్కు కోరతాయి. అలా ఉంటే అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే స్టూడియోతో సంతకం చేయండి. నోటిమాటగా ‘కానీయండి’ అన్న మేనేజర్ రేపు బదిలీ కావచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్, మెయిల్, లైసెన్సు సాఫ్ట్‌వేర్ ఈ పనికి అసలు ముట్టొద్దు.

స్టూడియోతోనూ ఒక మాట ముందే తేల్చుకోవాలి. ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం) సంతకం చేశాక, విడుదల కాని గేము పేరు మీ పరిచయంలో పెట్టడం కుదరదు. గేము బయటికొచ్చాక మీ పేరు క్రెడిట్స్‌లో వేస్తారా, రాసిన భాగాన్ని నమూనాగా చూపనిస్తారా అన్నవి ఒప్పందంలోనే రాయించుకోండి.