మూడేళ్ల బాబు తినడు, ఆడడు, ఫోను వదలడు: ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: బాబుకి మూడేళ్లు దాటాయి, ఫోను చూపిస్తేనే నోరు తెరుస్తాడు, ఆటలకి పిలిస్తే రాడు, రాత్రి పదకొండైనా పడుకోడు. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, పగలు అమ్మమ్మ చూసుకుంటారు. వాడు చురుగ్గా తయారవ్వాలంటే ఏదైనా క్లాసులో చేర్పించాలా అని అడిగారు.

ఇప్పుడే క్లాసు ఎందుకండీ. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆ వయసు దాటి వచ్చినవాళ్లే. మీరు నాలుగు సమస్యలు రాశారు గానీ, చదువుతుంటే నాకు నిద్ర ఒక్కటే కనిపించింది. పదకొండింటికి పడుకున్నవాడు పొద్దున చికాకుగా లేస్తాడు. చికాకుగా ఉన్నవాడు తినడు. తినట్లేదని ఫోను ఇస్తాం. ఫోను చూస్తూ కూర్చుంటే ఒళ్లు అలవదు. ఒళ్లు అలవకపోతే రాత్రి నిద్ర పట్టదు. మళ్లీ పదకొండు.

మూడు నాలుగేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో ఏం చేశామంటే, పడుకోబెట్టే టైముతో కుస్తీ మానేసి లేపే టైము ఖాయం చేశాం. సెలవు రోజైనా అదే టైము. నిద్ర మనం రమ్మంటే రాదు, లేపడం మాత్రం మన చేతిలో పనే కదా. దాంతోపాటు మధ్యాహ్నం కునుకు సాయంత్రం దాకా సాగకుండా చూసుకోవాలి, పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోను రెండూ ఆపేయాలి. మొదటి కొద్ది రోజులు ఇల్లు రణరంగమే, ముందే చెబుతున్నా. ఆ తర్వాత వాడే కళ్లు నులుముకుంటూ మంచం ఎక్కుతాడు.

ఇక తిండి. దీనికి పడేంత టెన్షన్ మనం ఇంక దేనికీ పడం. పుట్టినప్పటి బరువుకి ఏడాది నిండేసరికి దాదాపు మూడు రెట్లవుతారు పిల్లలు. రెండేళ్లు దాటాక ఏడాదికి పెరిగేది సుమారు రెండు కిలోలే. పెరగడం నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు గిన్నె ఖాళీ చేసినవాడు ఇప్పుడు నాలుగు ముద్దలకే తల తిప్పుకున్నాడంటే చాలాసార్లు కారణం ఇదే. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అనేవి పెద్దవాళ్లు చూసుకోవాలి. ఎంత తినాలో, అసలు తినాలో వద్దో వాడికి వదిలేయాలి. గిన్నె పట్టుకుని వెంట తిరిగితే వాడికి అదొక ఆట, మనకి నడుం నొప్పి.

పాలు ఎన్ని తాగుతున్నాడో ఒకసారి లెక్క చూడండి. తినట్లేదు కదా, కనీసం పాలైనా తాగనీ అని పెద్దవాళ్లు గ్లాసు మీద గ్లాసు పట్టిస్తారు. రోజుకి అర లీటరు దాటితే కడుపు పాలతోనే నిండిపోతుంది, తిండికి చోటుండదు. పాలలో ఐరన్ చాలా తక్కువ కాబట్టి రక్తం తగ్గే ప్రమాదం కూడా ఉంది. జ్యూసుల సంగతీ అంతే, పండు పండుగానే ఇవ్వండి.

కొత్త కూర అయితే పది పన్నెండు సార్లు పళ్లెంలో కనిపిస్తే గానీ కొందరు పిల్లలు నోట పెట్టరు. మా చిన్నది మొదట్లో దాన్ని వేలితో పళ్లెం అంచుకి నెట్టేసేది. తర్వాత వాసన చూసింది. ఇంకోసారి నాలుకతో తాకి, తడి ముక్కని ఎక్కడినుంచి తీసిందో సరిగ్గా అక్కడే పెట్టింది. కొరికి ఉమ్మేసిన రోజులూ ఉన్నాయి. చివరికి ఒకరోజు నా పళ్లెంలోంచి తీసుకుని తినేసింది, తన పళ్లెంలో అదే కూర ఉండగానే! అప్పుడు మనం శభాష్ అనికూడా అనకూడదు, చూడనట్టే ఉండాలి.

ఫోను విషయంలో ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. తినేటప్పుడు వద్దు, పడుకునే ముందు వద్దు, మిగతా రోజంతా కలిపి గంటకి మించి వద్దు. తెర చూస్తూ తినేవాడికి కడుపు నిండిన సంగతి తెలియదు, ఆకలి సంగతీ తెలియదు. అమ్మమ్మగారిని మాత్రం నిందించకండి. రోజంతా మూడేళ్లవాడి వెనక పరుగెత్తడం ఆ వయసులో మాటలు కాదు. ఫోను పక్కగదిలో పెట్టమని చెప్పేముందు, దాని బదులు వాడికి ఏం పని ఇవ్వాలో చెప్పండి.

పని అని ఊరికే అనలేదు. ఈ వయసువాళ్లు రోజుకి మూడు గంటలు ఒళ్లు కదపాలి, అందులో ఒక గంట పరుగో గెంతులో ఉండాలి. మూడు గంటలంటే గుండె గుభేల్‌మంటుంది గానీ, ఇది ఏకబిగిన చేయాల్సింది కాదు, రోజు మొత్తంలో పోగయ్యే లెక్క. ఆరిన బట్టలు ఒక్కొక్కటే తెచ్చి ఎవరివి ఎవరి గదిలో పెట్టాలో చెబితే ఇల్లంతా ఎన్నిసార్లు తిరుగుతాడో చూడండి. మొక్కలకి చిన్న గ్లాసుతో నీళ్లు పోయించండి, పెద్ద మగ్గు ఇస్తే పని తొందరగా అయిపోతుంది. మెట్లు వాణ్నే ఎక్కనివ్వండి. ఒక్కో మెట్టుకి ఒక్కో కాలు మార్చి ఎక్కడం మూడేళ్లప్పుడు వస్తుంది, దిగేటప్పుడు అలా కాళ్లు మార్చడానికి సాధారణంగా ఇంకో ఏడాది పడుతుంది. అందుకే దిగేటప్పుడు రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి ఆగుతుంటారు. మనకి తొందరగా ఉండి చటుక్కున ఎత్తుకునేది సరిగ్గా అప్పుడే. ఇంటినుంచి ఐదు నిమిషాలు ముందు బయల్దేరితే సరిపోతుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక ముందు వాడితో బయటికి వెళ్లండి, వంట తర్వాత చూసుకోవచ్చు. పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్య, వచ్చే అవకాశం తగ్గుతుంది కూడా. ఆటలకి పిలిస్తే రాడన్నారు. ఈ వయసులో తోటి పిల్లల్ని చూస్తూ పక్కన నిలబడటం కూడా మామూలే. ముందు మీరు బంతి విసరండి. మోకాళ్లు దోక్కుపోతాయి, పోనివ్వండి. కిటికీలు, నిండు బకెట్లు, రోడ్డు, వీటి దగ్గర మాత్రం రాజీ లేదు. బకెట్లో కాసిని నీళ్లున్నా చిన్నపిల్లలకి ప్రాణాపాయమే.

ఇంతా చేశాక కూడా కొన్ని కనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించాల్సిందే: నెలల తరబడి బరువు పెరగకపోవడం, ముఖం పాలిపోవడం, నాలుగడుగులు పరుగెత్తగానే ఆయాసం, వచ్చిన మాటలు పోవడం. మీవాడి విషయంలో నేనైతే ముందు రాత్రిపూట గమనిస్తాను. రోజూ నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగి ఉండొచ్చు, అలాంటప్పుడు ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలదు. డాక్టరు దగ్గర బరువు, ఎత్తు చార్టులో గుర్తు పెట్టించుకోండి. చుట్టాలు చిక్కిపోయాడంటే పట్టించుకోనక్కర్లేదు, చార్టులో గీత తన దారిన తాను పోతోందా లేదా అన్నదే లెక్క. టీకాల కార్డు కూడా తీసుకెళ్లి, నాలుగేళ్లు దాటాక వేయించాల్సిన బూస్టర్ ఎప్పుడో అక్కడే రాయించుకోండి.