ఇంటి నుంచి సొంత పనా? టైమ్‌టేబుల్ కన్నా ముందు మనుషుల్ని చూసుకో చెల్లీ

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. ఒంగోలు నుంచి మీ ఆయన డిపెండెంట్‌గా ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ వచ్చావు, ఆయన హాస్పిటల్లో డాక్టరు, నువ్వు ఇంట్లో కూర్చుని హైదరాబాదు వాళ్లకు డిజైన్లు చేసిపెడుతున్నావు, ఎన్నింటికి లేవాలి, రోజుకు ఎన్ని గంటలు చేయాలి, టైమ్‌టేబుల్ వేసి పెట్టక్కా అన్నావు. టైమ్‌టేబుల్‌దేముంది, ఫోన్లో యాప్‌లే వేసి పెడతాయి. నువ్వు అడగంది ఒకటుంది. వారంలో ఎంతమందితో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నావు? మీ వయసులో అది పెద్ద విషయంగా అనిపించదు, నాకూ అనిపించలేదు.

రూల్స్ ముందు తేల్చేస్తాను. డిపెండెంట్ వీసా మీద సొంత పని చేసుకోవచ్చు. ఇక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా. అది ముగిశాక వచ్చే అక్టోబర్ 5 లోపు సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి, అంటే మన ఆదాయం లెక్క మనమే పన్నుల వాళ్లకు చెప్పుకునే పద్ధతికి, రిజిస్టర్ కావాలి, ఆ లెక్క (రిటర్న్) ఆన్‌లైన్‌లో పంపడానికి జనవరి 31 ఆఖరు. మిగతావన్నీ గవర్నమెంటు సైట్లో ఉన్నాయి, చదువుకున్నదానివి, చూసుకో.

మాది ఇందుకూరుపేట దగ్గర. నెల్లూరులో బీకాం చేసి, ట్యాలీ నేర్చుకుని, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. తెలిసిన రైసు మిల్లుల లెక్కలే మొదట పట్టుకున్నాను. చలికాలంలో మనకు అయిదున్నర గంటలు తేడా, వాళ్లు పదింటికి మిల్లు ఆఫీసు తెరిస్తే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. వాళ్లతో పాటే కూర్చోవాలని నాలుగింటికే లేచేదాన్ని. ఒంటిగంటకు వాళ్లు కట్టేస్తే నేను తినేసి పడుకునేదాన్ని, డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది కదా, లేచేసరికి మళ్లీ చీకటి. సాయంత్రం ఇక్కడి షాపుల వాళ్లు బిల్లులు పంపితే అవి అర్ధరాత్రి దాకా. అమ్మ వీడియో కాల్‌లో ఉంటే ఇటు లెక్కలు ఎక్కిస్తూ ఊఁ కొట్టేదాన్ని, "ఏందమ్మాయ్, మొగం చూపిస్తావు గానీ మాట్లాడవే" అని అడిగేది. ఆదివారం గిన్నెడు చేపల పులుసు పెట్టుకుంటే బుధవారం దాకా అదే. మన పులుసు మర్నాటికే రుచి, కాదనను, కానీ ల్యాప్‌టాప్ ముందు ఒక్కదాన్నే తింటే ఏ రోజుదైనా ఒకటే.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది ఏంటంటే, అన్ని గంటల పని నిజంగా లేదు. రోజంతా నాతో మాట్లాడేది ఆ మిల్లుల గుమాస్తాలు, ఆ షాపుల వాళ్లే కాబట్టి ఎవరికీ కాదని చెప్పలేకపోయేదాన్ని. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చినా సంతోషంగానే ఎత్తేదాన్ని. రేటు పెంచితే ఎక్కడ మానుకుంటారో అని పెంచలేదు, అప్పుడు నా భయం డబ్బు పోతుందని కాదు, ఆ గొంతు పోతుందని. ఒంటరిగా ఉన్న మనిషి టైమ్‌టేబుల్ ఎంత బాగా వేసుకున్నా వారం తిరక్కుండానే చెడగొట్టుకుంటుంది, ఇది రాసి పెట్టుకో. చివరికి నీరసంగా ఉందని జీపీ (మన పేట డాక్టరు) దగ్గరకు పోతే రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. అక్టోబరు నుంచి మార్చి మొదటిదాకా రోజుకు 10 మైక్రోగ్రాముల బిళ్ల వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) అందరికీ చెబుతుంది, నువ్వు కూడా వేసుకో.

మా నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. ఆయనకు పై ఆఫీసరు ఎవరూ లేరు, అయినా పూట తప్పదు. మేత చల్లాక చెక్ ట్రే, అంటే రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో దించిన పళ్లెం, పైకెత్తి చూస్తాడు, అందులో మేత మిగిలుంటే మర్నాటి పూటకు తగ్గిస్తాడు, ఆశపడి ఎక్కువ వేస్తే నీళ్లు చెడిపోతాయని. పని ఒప్పుకునేటప్పుడు నేనూ అలాగే చూడటం నేర్చుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి పని మిగిలిపోతే పై వారం కొత్తది పట్టుకోను. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పనిచేస్తున్నారు, అయినా ఇదే లెక్క.

నా రోజు చెప్తాను. ఆరింటి నుంచి పదింటి దాకా నెల్లూరు పని, అంటే చలికాలంలో అక్కడ పదకొండున్నర నుంచి మూడున్నర. వాళ్లకు ఆ నాలుగు గంటలు చాలవా అని నువ్వు భయపడతావు, చాలతాయి, ఒక్కసారి చెప్పి చూడు. పది తర్వాత వానైనా సరే బయటికి పోతాను, ఎండ పొడ ఉండేదే అప్పుడు. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఇక్కడి పని. తర్వాత ల్యాప్‌టాప్ మూత దించేస్తాను.

మీ ఆయనకు రోటా, అదే డ్యూటీల పట్టిక, వస్తుంది కదా. ఆయనకు నైట్లు పడిన వారం పగలు ఇంట్లో నిశ్శబ్దం కావాలి, నువ్వు గుసగుసగా కాల్స్ మాట్లాడుకుంటూ మూల గదిలో ఉండొద్దు, లైబ్రరీకి పో. పైసా అడగరు, వెచ్చగా ఉంటుంది, వైఫై ఉంటుంది, వరసగా నాలుగు గురువారాలు అదే టేబుల్ దగ్గర కూర్చుంటే అక్కడి పెద్దవాళ్లే పలకరిస్తారు. శనివారం పొద్దున తొమ్మిదింటికి పార్క్‌రన్ అని పార్కులో అందరూ కలిసి పరిగెత్తేది ఉంటుంది, అయిదు కిలోమీటర్లు, నడిచినా పర్లేదు, ఫీజు లేదు. నేను పరిగెత్తలేక వాలంటీరుగా చేరాను. పసుపు జాకెట్ వేసుకుని, వచ్చినవాళ్ల బార్‌కోడ్ స్కాన్ చేయడం నా పని. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటాయి, స్కాన్ అయ్యేలోపు ప్రతి ఒక్కరూ ఒక మాట మాట్లాడి పోతారు. మా వీధిలో నాకు తెలిసిన సగం మంది అట్లా తెలిసినవాళ్లే. తెలుగువాళ్లు వద్దని కాదు, ఉగాదికి, దీపావళికి హాలు బుక్ చేసుకుని కలుస్తారు, వెళ్లు, కానీ మధ్యలో మంగళవారాలూ బుధవారాలూ ఉంటాయి కదా, వాటికే మనుషులు కావాలి.

సంక్రాంతి మాట కూడా చెప్పాలి. అది సరిగ్గా జనవరి 31కి ముందు పడుతుంది, రిటర్న్ అప్పటిదాకా నాన్చితే పండగ పూట కాగితాల మధ్య కూర్చుంటావు. నవంబరులోనే పంపేయి.

డిజైన్ల రేట్లు ఎంత పెట్టాలని కూడా అడిగావు. అది తర్వాత మాట్లాడదాం. వచ్చే నెల రోటా చేతికి రాగానే ముందు నీ గురువారాలు ఎక్కడ గడపాలో తేల్చుకుని నాకు రాయి.