పది బై పది గది

అమ్మలూ, ఆశీస్సులు.

మియాపూర్‌లో మీరు అద్దెకి తీసుకున్న ఫ్లాట్ ఫోటోలు మీ అమ్మ చూపించింది. బెడ్‌రూమ్ పది బై పది, అంటే వంద చదరపు అడుగులు. చిన్నదే. కానీ గుమ్మంలో నిలబడితే ఎదుటి గోడ దాకా నేల కనిపించే గది ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా అనిపిస్తుంది. మధ్యలో ఏదైనా అడ్డం తగిలితే గది అక్కడితో అయిపోయినట్టే. ఇన్నేళ్లు జనాల ఇళ్లల్లో మంచాలు, కప్‌బోర్డులు బిగించాక నేను నమ్మేది ఇదే. అందుకని ఏది కొనాలో తర్వాత చెబుతాను, ముందు కొనకూడనివి విను.

ఆరడుగుల మంచం వద్దు. ఆరు బై ఆరున్నర అంటే 39 చదరపు అడుగులు దానికే పోయాయి. వెడల్పులో మిగిలేది నాలుగడుగులు. అందులో రెండడుగుల లోతున్న వార్డ్‌రోబ్ పెట్టావంటే దాని తలుపు తీయడానికి నువ్వు మంచం ఎక్కాలి. ఇద్దరికి ఐదడుగుల మంచం చాలు. అదీ కాళ్లున్నది తీసుకో, కింద నేల కనబడాలి. షాపులో హైడ్రాలిక్ స్టోరేజీ అని, పైభాగం లేపితే కింద సామాను పెట్టుకునే మంచం చూపించి ఊరిస్తారు. సామాను పడుతుంది, కాదనను. కానీ నేలకి ఆనించిన పెట్టెలాంటి మంచం గదిని మింగేస్తుంది. పైగా బరువైన పరుపుతో సహా దాన్ని రోజూ ఎవరు లేపుతారు?

కొనేముందు పాత న్యూస్‌పేపర్లు మంచం కొలతకి నేల మీద పరుచు. బీరువాకీ అలాగే, దాని తలుపు తెరుచుకునే జాగాతో కలిపి. వాటిని తొక్కకుండా మీరిద్దరూ ఒక రోజంతా తిరగగలిగితే అప్పుడు షాపుకి వెళ్లండి.

బీరువా నైరుతి మూలనే ఉండాలని మీ అమ్మ పట్టుబడుతుంది. పెట్టు, గొడవెందుకు. కాకపోతే ఆ ముదురు గోధుమ రంగు గుమ్మంలోంచే కళ్లకి కొడుతుంది. గోడ రంగే దానికీ వేయిస్తే గోడలో కలిసిపోతుంది. పైన సూట్‌కేసులు మాత్రం పేర్చకు. వాటిని అటక మీదికి ఎక్కించి, అటకకి గోడ రంగు తెర కట్టు.

కర్టెన్ల దగ్గర చాలామంది కక్కుర్తి పడతారు. కిటికీ కదా అని ఐదడుగులవి తెచ్చి కిటికీ నెత్తి మీదే రాడ్ కొడతారు. రెడీమేడ్‌లో తొమ్మిదడుగులవి కూడా దొరుకుతాయి. రాడ్ సీలింగ్‌కి దగ్గరగా కొట్టించు, కిటికీకి అటూ ఇటూ అడుగు చొప్పున ఎక్కువ ఉండాలి. అప్పుడు కర్టెన్ జరిపితే గుడ్డంతా గోడ మీదికి వెళ్తుంది, కిటికీ అద్దం మొత్తాన్ని వెలుగుకి వదులుతుంది. పై నుంచి కింద దాకా ఒకే గుడ్డ జారితే గోడ ఎత్తుగా కనిపిస్తుంది. మేకులు కొట్టే ముందు ఓనర్‌ని అడుగు, లేకపోతే అడ్వాన్సులో కోసుకుంటారు.

నిలువుటద్దం కిటికీకి ఎదురుగా ఉంటే మంచిది. ఎదురుగా ఏముంటే దాన్ని రెండు చేసి చూపించడమే అద్దం పని. విడిచిన బట్టల కుప్ప ఉంటే రెండు కుప్పలు కనిపిస్తాయి.

ఆ ఊదారంగు గోడ నాకు నచ్చలేదు. ఓనర్ ఒప్పుకుంటే నాలుగు గోడలకీ ఒకే లేత రంగు వేయించు. మీ కిటికీ ఉత్తరం వైపు అంటున్నారు కాబట్టి తెల్ల తెలుపు వద్దు, ఎండ పడని గదిలో అది బూడిద రంగులా తేలుతుంది. కాస్త పసుపు కలిసిన తెలుపు అడుగు. ఫాల్స్ సీలింగ్ మాట మాత్రం ఎత్తకు, ఉన్న ఎత్తు కూడా పోతుంది.

ఒక్క ట్యూబ్‌లైట్‌తో సరిపెట్టుకోకు. మూలల్లో చీకటి ఉంటే గది కుంచించుకుపోతుంది. మంచం పక్కన ఒకటి, ఎదుటి మూల ఒకటి చిన్న లైట్లు పెట్టు. బల్బు డబ్బా మీద 3000 గానీ 4000 గానీ కెల్విన్ అని ఉన్నది తీసుకో, అది వెలుగు రంగు చెప్పే లెక్క. 6500 ది ఆసుపత్రి వెలుగు.

ఇక పెళ్లిలో వచ్చిన స్టీలు సామాను, షోకేసు బొమ్మలు అన్నీ మోసుకెళ్లకండి. సగం మా ఇంట్లో ఉంచండి, మీ అత్తయ్య దాస్తానంటోంది.

తలుపు లోపలికి ఏ వైపు తెరుచుకుంటుందో, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, స్విచ్‌బోర్డు ఎక్కడుందో కాగితం మీద గీసి అబ్బాయి చేత పంపించు. టేపుతో కొలవమను, అడుగులేసి లెక్కపెట్టొద్దు. అది వచ్చేదాకా ఏ షాపులోనూ అడ్వాన్సు ఇవ్వకండి.

మీ మామయ్య