1950ల నాటి ఎగిరే పళ్ళాల సినిమాలు ఇప్పటి పిల్లలకి నచ్చుతాయా?

సియాటెల్‌లో ఉంటున్నాం, ఇక్కడి సినిమా అభిమాన సంఘం వాళ్ళు పాత ఫ్లయింగ్ సాసర్ సినిమాలు (వేరే గ్రహాల వాళ్ళు పళ్ళెంలాంటి నౌకల్లో వచ్చే కథలు) వేస్తున్నారట, గ్రాఫిక్స్‌కి అలవాటు పడ్డ తొమ్మిదేళ్ళ బాబు కంటికి అవి ఆనతాయా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళండి. నేనూ ఈ చుట్టుపక్కలే ఉంటాను, ఇలాంటి షోలకి మా అమ్మాయితో వెళ్తుంటాను. ఇంట్లో టీవీలో పెడితే కాసేపటికే లేచి వెళ్ళిపోయే పిల్ల అక్కడ కదలకుండా కూర్చుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళే అందుకు కారణం. ఏ సీన్లో ఎటు చూడాలో వాళ్ళకి తెలుసు, అడిగితే ఓపిగ్గా చెప్తారు.

'ఎర్త్ వర్సెస్ ది ఫ్లయింగ్ సాసర్స్' (1956) వేస్తే మాత్రం వదులుకోకండి. బొమ్మల్ని కదిలించి ట్రిక్కు సీన్లు తీసే రే హ్యారీహౌసెన్ పనితనమంతా అందులో కనిపిస్తుంది. ఆ పళ్ళాలు లోహంతో చేసిన చిన్న బొమ్మలు. గిర్రున తిరుగుతున్నట్టు కంటికి తెలియాలని వాటి మీద గాట్లు పెట్టారు. తీగలకి వేలాడదీసి, కాస్త కాస్త కదుపుతూ, కదిపినప్పుడల్లా ఒక్కో ఫ్రేము (ఒక్కో ఫొటో) తీశారు, తెర మీద ఒక్క సెకనుకి 24 ఫ్రేముల లెక్కన. చివర్లో రాజధాని వాషింగ్టన్ డీసీలో కట్టడాలు కూలతాయి. మామూలుగా అయితే నమూనా కట్టి, పగలగొట్టి, హైస్పీడ్ కెమెరాతో తీస్తారు. అంత బడ్జెట్ లేక ఆయన రాలిపడే ముక్కల్ని కూడా తీగలకి కట్టి, ఫ్రేము ఫ్రేముకీ కిందికి జరిపారు. మా షోలో ఒక పెద్దాయన ఆ సంగతి చెప్పగానే మా అమ్మాయి లేచి ఆ సీను మళ్ళీ వెయ్యమని అడిగింది. వేశారు కూడా!

'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' (1951) హాల్లోనే వినాలి. వినాలి అనే అంటున్నాను. బెర్నార్డ్ హెర్మన్ సంగీతంలో రెండు థెరెమిన్లు వాడారు. ముట్టుకోకుండా, గాల్లో చేతులు కదిపి వాయించే వాయిద్యం అది. మంచి స్పీకర్లలో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. గోర్ట్ అనే రోబో వేషంలో ఉన్న లాక్ మార్టిన్ ఏడడుగులు దాటిన మనిషి. అయినా హీరోయిన్‌ని ఎత్తుకునే సీన్‌కి తీగల సాయం కావాల్సి వచ్చింది. పిల్లలకి ఇలాంటి కబుర్లు భలే ఇష్టం.

ఒక్క 'ఇన్‌వేడర్స్ ఫ్రమ్ మార్స్' (1953) విషయంలో ముందే ఆలోచించుకోండి. ఇంటి వెనకాల ఇసుకలోకి పళ్ళెం దిగడం ఒక పిల్లాడు చూస్తాడు. చూడ్డానికి వెళ్ళిన నాన్న వేరే మనిషిలా తిరిగొస్తాడు, మెడ వెనక గాయం ఉంటుంది. ఆ తర్వాత అమ్మ కూడా అలాగే అయిపోతుంది. రాక్షసుల కన్నా అదే మా అమ్మాయిని ఎక్కువ భయపెట్టింది.

మీరుండేది సియాటెల్ కాబట్టి ఇంకో మాట. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తొమ్మిది వింత వస్తువులు ఎగరడం చూశానన్నది మన రెయినియర్ కొండ దగ్గరే. అమెరికాలో ఈ పళ్ళాల మోజు మొదలైంది ఆ వార్తతోనే. వెళ్ళే ముందు బాబుకి ఆ కొండ చూపిస్తూ చెప్పండి.

వీలైతే నిర్వాహకులతో 'కలై అరసి' (1963) గురించి కూడా మాట్లాడండి. ఎమ్జీఆర్ తమిళ సినిమా, కథానాయిక మన భానుమతి. భూమ్మీది సంగీతం నేర్చుకోవాలని వేరే గ్రహం వాళ్ళు పళ్ళెంలో వచ్చి ఆవిడని ఎత్తుకుపోతారు. ఇక్కడి అభిమానుల్లో చాలామందికి ఈ సినిమా ఉందనే తెలియదు. సబ్‌టైటిల్స్ కావాలంటే నేను సాయం చేస్తాను.