సెకనుకు ఎన్ని ప్రాసెస్‌లు పుట్టాయో చూడటం ఉద్యోగమేనా?

‘మా అబ్బాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సర్వర్ మానిటరింగ్‌లో చేరాడు. ఆరు నెలలుగా రాత్రి షిఫ్టు. సెకనుకు ఎన్ని కొత్త ప్రాసెస్‌లు పుడుతున్నాయో చూస్తుంటానంటాడు. మాన్పించి ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.’
– ఒక తండ్రి, ఖమ్మం

అయ్యా, ‘మీవాడేం చేస్తున్నాడు’ అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తోచక రాసిన ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీదీ అలాంటిదే. అందుకే ముందు ఆ పనేమిటో చెబుతాను. ప్రాసెస్ అంటే సర్వర్‌లో నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాము.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ ఆన్ అయిన దగ్గర్నుంచి ఎన్ని ప్రాసెస్‌లు పుట్టాయో ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లెక్క పెడుతూనే ఉంటుంది. ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఉండే స్టాట్ ఫైల్లో ‘ప్రాసెసెస్’ అన్న వరుస అదే. ఒక ప్రాసెస్ లోపలే విడివిడిగా నడిచే థ్రెడ్లూ అందులోకే వస్తాయి. ఆ అంకె ఎప్పుడూ పెరిగేదే కాబట్టి, పది సెకన్లలో ఎంత పెరిగిందన్నదే చూడాలి. ఒక్కోసారి సీపీయూ ఊపిరాడకుండా పనిచేస్తుంటుంది, ఏ ప్రాసెస్ ఎంత పనిచేస్తోందో చూపే ‘టాప్’ అనే ప్రోగ్రాము తెరిచి చూస్తే దొంగ దొరకడు. టాప్ మామూలుగా మూడు సెకన్లకోసారి తెర మారుస్తుంది. ఎవరో రాసిన షెల్ స్క్రిప్టు (వరుసగా అమలయ్యే ఆదేశాల ఫైలు) ఫైల్లోని ప్రతి లైనుకీ ‘గ్రెప్’ అనే పదాలు వెతికే ప్రోగ్రామును ఒకటి లేపుతుంటే, ఈలోగా వందల ప్రాసెస్‌లు పుట్టి పోతాయి. మీవాడి గ్రాఫ్‌లో మాత్రం గీత నిలువునా లేస్తుంది. దాన్ని పట్టుకుని ఆ స్క్రిప్టు దాకా వెళ్లగలిగితే వాడు మంచి ఇంజినీరు అవుతున్నట్టే. నిశ్చింతగా ఉండండి.

ఇక ఏఐ కోర్సు. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా రానివాడికి కొన్ని నెలల కోర్సు చేతికిచ్చేది సర్టిఫికెట్టే. ఆ తర్వాత ఇంటర్వ్యూలో అడిగేది అనుభవం, దాన్ని ఇప్పుడు మీరే మాన్పిస్తానంటున్నారు! ఏఐ మోడళ్లు నడిచేదీ ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీదే. కోపం తెచ్చుకోకండి, ఇంత ఉత్తరంలో అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. వాణ్ని అడగకుండా ఫీజు కట్టడానికి సిద్ధమైపోవడం తప్పు.

వాణ్ని ఒకటే అడగండి: ‘అలారం మోగాక నువ్వేం చేస్తావు?’ కారణం వెతుకుతానంటే వదిలేయండి, షెల్ స్క్రిప్టింగ్, సర్వర్ల అంకెలు సేకరించి చూసే ప్రొమీథియస్ నేర్చుకుంటూ సాగనివ్వండి. సమస్యను టికెట్‌గా రాసి పైవాళ్లకు పంపేస్తానంటే, ఏడాది లోపు వేరే టీమ్‌కు మారే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఫోన్ మాత్రం సాయంత్రం చేయండి. పగలు వాడు నిద్రపోయే వేళ.