మాట ఆలస్యమైన పిల్లలకు తిండి, నిద్ర, దినచర్య: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు 3 సంవత్సరాల 8 నెలలు. మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటాడు గానీ విడివిడిగా ఇరవై పాతిక మాటలకు మించి పలకడు. రెండు మాటలు కలిపి చెప్పడం ఇంకా రాలేదు. మావారు దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేసరికి రాత్రి 10 దాటుతుంది. ఆయనతో ఆడుకుని బాబు పడుకునేసరికి 12 అవుతోంది. పొద్దున 7కు లేపి బడికి పంపుతాం, సాయంత్రం 4 నుంచి 6 దాకా మళ్లీ నిద్రపోతాడు. ఫోన్ చూపిస్తేనే అన్నం తింటాడు, లేదంటే పాల సీసాయే, రోజుకు నాలుగుసార్లు. నేను సరిగా పెట్టకపోవడం వల్లే మాటలు రాలేదని బంధువులు అంటున్నారు. అత్తయ్యగారు వస అరగదీసి నాకిద్దామంటున్నారు. గోధుమలు, పాలు మాన్పిస్తే మాటలు వస్తాయని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీరు పెట్టిన తిండి వల్ల మీ బాబుకు మాట ఆగిపోలేదు. భాష నేర్చుకోవడంలో ఇబ్బంది చాలామంది పిల్లలకు మెదడు ఎదిగే తీరులోనే ఉంటుంది, అందులో వంశపారంపర్యం పాత్ర కూడా పెద్దదే. ఇంగ్లండ్‌లో బడిలో కొత్తగా చేరిన పిల్లలపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. వినికిడి లోపం వంటి మరే కారణమూ కనిపించకపోయినా నూటికి ఏడుగురికి పైగా పిల్లలకు ఈ ఇబ్బంది ఉందని అందులో తేలింది. అయితే తిండికీ నిద్రకూ దీనితో సంబంధమే లేదని నేను చెప్పను. అవి మాటలను తెచ్చిపెట్టవు, కానీ మాటలు నేర్చుకోవడానికి కావలసిన చురుకుదనాన్నీ శ్రద్ధనూ నిలబెట్టేవి అవే.

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని దీన్ని వాయిదా వేయకండి. గురక పెడతాడా, నోరు తెరిచి పడుకుంటాడా అన్నది మీరు రాయలేదు. ఆ లక్షణాలుంటే ఈఎన్‌టీ వైద్యునికి తప్పక చూపించాలి. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తని కణజాలం వాచిన పిల్లలకు నిద్ర సరిగా పట్టకపోవడమే కాదు, కర్ణభేరి వెనక ద్రవం చేరి వినికిడి మందగించే అవకాశం కూడా ఉంటుంది. వినికిడితో పాటు భాషను, మొత్తం ఎదుగుదలను అంచనా వేయించడానికి జిల్లా ఆసుపత్రిలోని డైక్ (డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే) కేంద్రానికి వెళ్లవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ సేవలు ఉచితం.

ఇక నిద్ర. 3, 4 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, అదీ వేళ తప్పకుండా, కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ బాబుకు రాత్రి 7 గంటలే దొరుకుతోంది. సాయంత్రపు నిద్ర ఆ లోటును పూర్తిగా తీర్చకపోగా రాత్రి నిద్రను ఇంకా వెనక్కి నెడుతోంది. పగలు విన్న కొత్త మాట మెదడులో కుదురుకోవడంలో నిద్రది ముఖ్యమైన పాత్ర అని పిల్లలపై జరిగిన పరిశోధనలు చూపాయి. ఒక మాట నిలవాలంటే మిగతా పిల్లలకన్నా ఎక్కువసార్లు వినవలసిన మీ బాబు విషయంలో ఈ లోటును తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దున లేచే వేళ మార్చకండి. బడి నుంచి రాగానే ఒక కునుకు తీయనిచ్చి 3 గంటలకల్లా లేపండి, పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. దీనివల్ల తండ్రితో గడిపే సమయం పోతుందని మీకు బాధ కలగడం సహజమే. ఆ సమయాన్ని పొద్దుటికి మార్చండి. స్నానం చేయించడం, చొక్కా తొడగడం వంటి పనులు ఆయన చేతుల మీదుగా జరిగితే మాటలకు అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

నాలుగు సీసాల పాలతో కడుపు నిండిన పిల్లవాడికి అన్నం వేళ ఆకలి ఎక్కడిది? పాలలో ఇనుము చాలా తక్కువ. ఇనుము లోపిస్తే నీరసం, శ్రద్ధ నిలవకపోవడం, కాళ్లు కదిలిస్తూ కలత నిద్రపోవడం కనిపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి రక్తపరీక్ష చేయించడం మంచిది. ఇనుము చుక్కలు మాత్రం వైద్యులు చెప్పిన మోతాదులోనే వేయాలి, ఎక్కువైతే ప్రమాదం. పాలను రోజుకు అర లీటరు లోపుకు తగ్గించి, సీసా మాన్పించి గ్లాసుతో ఇవ్వండి. తోటకూర పప్పు, కోడిగుడ్డు, మాంసం తినేవారైతే మెత్తగా ఉడికించిన కాలేయం, వాటితో పాటు జామపండు ముక్కో నిమ్మరసమో పెట్టండి.

వస జోలికి వెళ్లవద్దు. అందులోని బీటా-అసరోన్ జంతువులపై చేసిన పరీక్షల్లో కణితులకు కారణమైనందున అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. గోధుమలు, పాలు పూర్తిగా మాన్పిస్తే భాష మెరుగవుతుందనడానికీ ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు మించి తినని పిల్లవాడికి ఉన్నవి కూడా తీసేసినట్టవుతుంది. ఇదంతా అత్తయ్యగారికి నొచ్చుకోకుండా చెప్పి, మధ్యాహ్నం అన్నం తినిపించే పని ఆవిడకే అప్పగించండి.

అన్నం వేళే మీ ఇంట్లో రోజూ జరగగల భాషా పాఠం. ఫోన్ ఎదురుగా ఉంటే ఆ పాఠం జరగదు, ఎందుకంటే బాబు మీ ముఖం చూడడు, మీరూ పెద్దగా మాట్లాడరు. ముందు ఒక పూట ఫోన్ మానండి, మొదట్లో తక్కువ తిన్నా కంగారుపడకండి. రెండు గిన్నెలు చూపించి “పప్పా? పెరుగా?” అని అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి. “బువ్వ” అంటే “పప్పు బువ్వ” అని మీరు దానికి ఒక మాట కలపండి. వేలు చూపించినా సరే, వెంటనే పెట్టండి. మాట పలికితేనే ముద్ద పెడతానని ఎప్పుడూ బెదిరించకూడదు, అలా చేస్తే తిండీ మాటా రెండూ భయంగా మారతాయి. స్నానంలో “నీళ్లు పోయనా?”, పడుకునేముందు “దీపం ఆర్పనా?” అంటూ అదే పనికి అదే మాట రోజూ వాడండి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన పిల్లవాడికి ఆ మాటను పట్టుకోవడం సులువు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. 6 ఏళ్ల మా పాప భాషా సమస్యకు థెరపీ తీసుకుంటోంది. రాత్రి తొందరగా నిద్రపట్టదు. ఇక్కడ దుకాణాల్లో దొరికే మెలటోనిన్ (నిద్రకు తోడ్పడే హార్మోన్) గమ్మీలు ఇవ్వవచ్చా?
— ఒక తండ్రి

సమాధానం: సొంతంగా ఇవ్వకండి. అమెరికాలో మెలటోనిన్‌ను మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్ముతారు, సీసా మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ తేడా రావడం అక్కడి పరీక్షల్లో బయటపడింది. కొందరు పిల్లలకు అది అవసరం కావచ్చు, ఆ నిర్ణయం మాత్రం మీ పిల్లల వైద్యులదే. వారిని కలిసేటప్పుడు పాప ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి నిద్రపట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచింది, గురక పెట్టిందా అన్న వివరాలను రెండు వారాల పాటు రాసిపెట్టుకుని తీసుకువెళ్లండి. ఈలోగా పడుకునే వేళకు గంట ముందే టీవీ, ట్యాబ్ కట్టేసి గదిలో వెలుగు తగ్గించండి. రాత్రి పూట వెలుగుకు ఒంట్లో సహజంగా తయారయ్యే మెలటోనిన్ పెద్దలకన్నా పిల్లల్లోనే ఎక్కువగా తగ్గుతుంది. థెరపీ బడి అయ్యాక సాయంత్రం పొద్దుపోయి జరుగుతుంటే, పాప అలసిపోని వేళకు మార్చగలరేమో థెరపిస్టును అడగండి.