ఆఫీసు టోర్నమెంట్‌లో అంపైరింగ్‌కి టీషర్టు, ట్రాక్ ప్యాంటు సరిపోవా?

కంపెనీల మధ్య జరిగే సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్‌కి మొదటిసారి అంపైర్‌గా ఒప్పుకున్నానని, రూల్స్ అన్నీ చదివానని రాశారు. బట్టలు, పద్ధతి విషయంలో అంత పట్టింపు అవసరమా అని అడిగారు. అవసరమేనండి. నాకు ఆ సంగతి ఎలా తెలిసిందో ముందు చెప్తాను.

నాది అనంతపురం వైపు. స్కూల్లో, కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడాను. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక ఆట తగ్గి, ఆదివారాలు అంపైరింగ్ మొదలైంది. మొదటి ఏడాదే వైట్‌ఫీల్డ్ వైపు ఒక గ్రౌండ్‌లో ఫైనల్ మ్యాచ్ ఇచ్చారు. ముదురు నీలం టీషర్టు వేసుకుని వెళ్లాను. తీరా చూస్తే ఒక జట్టు జెర్సీ కూడా అదే రంగు. పైగా ఆ జట్టులో సగం మంది మనవాళ్లు. ఒకతనిది కదిరి, ఇంకొకతనిది గుంటూరు. మ్యాచ్‌కి ముందు వాళ్ల టెంట్ కింద కూర్చుని ఇడ్లీ తిన్నాను, ఊరి కబుర్లు చెప్పుకున్నాం. అవతలి జట్టులో ఎక్కువమంది కన్నడవాళ్లు, కొందరు తమిళులు. వాళ్లతో నేను మాట్లాడింది టాస్ వేసినప్పుడు రెండు ముక్కలు, అదీ ఇంగ్లీషులో.

చివరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యారు, తేడా ఒక్క పరుగు. సెకండ్ బేస్ నుంచి రన్నర్ పరిగెత్తుకుంటూ హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గరికి వచ్చాడు. ప్లేట్ వెనక ఉండే క్యాచర్ బంతి పట్టిన గ్లవ్‌ని అతని మోకాలికి తగిలించినప్పుడు పాదం ప్లేట్‌కి జానెడు దూరంలో ఉంది. ఆ రోజు నాకు సందేహం లేదు, ఈ రోజుకీ లేదు. ఔట్ ఇచ్చాను, నీలం జట్టు గెలిచింది. వెనక నుంచి ఎవరో "అవర అంపైర్ అల్వా" అన్నారు, వాళ్ల అంపైరే కదా అని. ఆ మాట అన్నవాళ్లని నేను తప్పుపట్టను. ఒంటి మీద వాళ్ల రంగు, నోట్లో వాళ్ల భాష, చేతిలో పొద్దున వాళ్లు పెట్టిన ప్లేటు. ఇచ్చిన నిర్ణయం సరైనదే అయినా, నమ్మడానికి ఓడినవాళ్లకి నేను ఒక్క ఆధారమూ మిగల్చలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి అంపైర్ బట్టలు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. ఈ మనిషి ఏ జట్టుకీ చెందడని గ్రౌండ్ అవతలి చివరున్న అవుట్‌ఫీల్డర్‌కి కూడా కంటితోనే తెలియాలి. అమెరికాలో సాఫ్ట్‌బాల్ అంపైర్లు చాలా ఏళ్లుగా వేసుకుంటున్నది లేత నీలం చొక్కా, నేవీ బ్లూ టోపీ, బూడిద రంగు లేదా నేవీ బ్లూ ప్యాంటు, నల్ల బెల్టు, నల్ల బూట్లు. మీరూ అదే పెట్టుకోండి. ఏ జట్టైనా లేత నీలంలో దిగితే మార్చుకోవడానికి బ్యాగులో నేవీ బ్లూ చొక్కా ఇంకొకటి ఉంచుకోండి. ముందు రోజే రెండో అంపైర్‌కి ఫోన్ చేసి ఏ రంగు వేసుకుంటున్నారో అడగండి. ఇద్దరివీ ఒకే రంగు చొక్కాలైతే చూసేవాళ్లకి మీరిద్దరూ ఒకే అంపైర్ల జోడీగా కనిపిస్తారు.

చొక్కా ఒక సైజు పెద్దది తీసుకోండి. ప్లేట్ వెనక నిలబడే రోజు చొక్కా లోపల చెస్ట్ గార్డ్ వేసుకోవాలి, సరిగ్గా సరిపోయే చొక్కా అయితే గుండీలు పిగులుతాయి. ప్యాంటుదీ అదే సంగతి. కింద షిన్ గార్డులు ఉంటాయి కాబట్టి మోకాలి దగ్గర నుంచి కింది దాకా వదులుగా ఉండాలి. నేను చిక్‌పేటలో గుడ్డ కొని కుట్టించుకున్నాను. షిన్ గార్డులు దుకాణానికి తీసుకెళ్లి, కాళ్లకి కట్టుకుని కొలతలు ఇచ్చాను. టోపీ అంచు పొట్టిగా ఉండాలి, లేకపోతే మాస్క్ తీసిన ప్రతిసారీ టోపీ కూడా ఊడి వస్తుంది. మాస్క్‌కి కింద గొంతు గార్డు లేకపోతే ప్లేట్ వెనకకి వెళ్లొద్దు. బూట్ల విషయంలో చిన్న చిట్కా: అంపైర్లకని అమ్మే ప్రత్యేకమైన బూట్లు దొరక్కపోతే పీణ్యా వైపు ఫ్యాక్టరీ పనివాళ్లు వేసుకునే నల్ల సేఫ్టీ బూట్లు కొనండి. ముందు భాగంలో ఉక్కు ఉంటుంది కనుక ఫౌల్ బంతి (బ్యాట్‌కి తగిలి గీతల బయటికి పోయేది) తగిలినా వేళ్లు భద్రం. మన గ్రౌండ్లలో ఎర్రమట్టి పది నిమిషాల్లో బూట్లని కమ్మేస్తుంది. బ్యాగులో ఒక పాత గుడ్డ ఉంచుకుని ఇన్నింగ్స్ మధ్యలో ఒకసారి తుడుచుకోండి.

గడియారం, గొలుసు, ఫోన్ అన్నీ బ్యాగులోనే.

మ్యాచ్‌కి ముప్పావు గంట ముందు అక్కడ ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ అని చెప్పి చెమటలు కక్కుతూ దిగిన అంపైర్ మాట మొదటి ఇన్నింగ్స్ అంతా చులకనగానే ఉంటుంది. ముందుగా వెళ్తే గ్రౌండ్ ఒక చుట్టు నడిచి చూడొచ్చు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు ఉందా, మహిళల మ్యాచ్ అయితే బంతి విసిరే పిచ్చర్ నిలబడే ప్లేట్ హోమ్ ప్లేట్‌కి 43 అడుగుల దూరంలో ఉందా, బ్యాట్లు, హెల్మెట్లు పగిలి ఉన్నాయా అన్నవి చూసుకోవాలి. మన ఊళ్లో చాలా గ్రౌండ్లకి ఏదో ఒక పక్క చెట్టు కొమ్మ లోపలికి వాలి ఉంటుంది, లేదా గోడ పక్కన కార్లు నిలిపి ఉంటాయి. బంతి కొమ్మకి తగిలితే ఏమిటి, కారు కిందకి పోతే ఎన్ని బేస్‌లు అన్నది ప్లేట్ దగ్గర ఇద్దరు కెప్టెన్లనీ నిలబెట్టి ఆట మొదలవక ముందే తేల్చండి. ఆ సమావేశం నాలుగు నిమిషాలు దాటనివ్వకండి.

భాష గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే బెంగళూరులో మనలాంటివాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. తెలుగు ఆటగాడు కనిపిస్తే "ఏ ఊరన్నా?" అని నోరు లాగుతుంది. మ్యాచ్ రోజు అది వద్దు. ఒక జట్టుతో తెలుగులో, ఇంకో జట్టుతో ఇంగ్లీషులో మాట్లాడితే, మీరు వాతావరణం గురించి మాట్లాడినా అవతలివాళ్లకి గూడుపుఠాణీ లాగే వినిపిస్తుంది. ఇప్పుడు నేను రెండు జట్లతోనూ కన్నడలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతాను. తెలుగువాళ్లు తెలుగులో పలకరిస్తే నవ్వి, అందరికీ అర్థమయ్యే భాషలో జవాబిస్తాను. వాళ్లు నొచ్చుకోరు. పిలుపు కూడా అంతే. ఒకరిని "బ్రో" అని ఇంకొకరిని "సార్" అని పిలవొద్దు. నేను అందరినీ సార్, మేడమ్ అంటాను, లేదా జెర్సీ నంబరుతో పిలుస్తాను.

ఇక ప్లేట్ వెనక. బాల్స్, స్ట్రైక్‌లు లెక్కపెట్టుకునే చిన్న పరికరం, ఇండికేటర్, ఎడమ చేతిలో ఉండాలి, మాస్క్ తీసేదీ ఎడమ చేత్తోనే. స్ట్రైక్, ఔట్ రెండూ కుడి చేత్తో చూపిస్తాం కాబట్టి కుడి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ప్లేట్ దుమ్ము దులపాలంటే ముందు వైపుకి వెళ్లి, పిచ్చర్‌కి వీపు పెట్టి వంగండి. జనం కూర్చున్న వైపుకి పిరుదులు చూపిస్తూ వంగడం మర్యాద కాదు. స్ట్రైక్ గట్టిగా అనాలి. బాల్ (సరైన చోటు తప్పి వచ్చిన, బ్యాటర్ కొట్టబోని విసురు) అన్నది బ్యాటర్‌కీ క్యాచర్‌కీ పిచ్చర్‌కీ వినిపిస్తే చాలు. ఫెయిర్ బంతికి (గీతల లోపల పడినదానికి) నోరు అస్సలు తెరవకండి, లోపలి వైపు చేత్తో చూపించండి. ఫెయిర్, ఫౌల్ రెండూ దూరానికి ఒకేలా వినిపిస్తాయి, మీ అరుపు విని రన్నర్ ఆగిపోతే ఆ తప్పు మీదే అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఔట్ చెప్పే ముందు ఒక్క ఊపిరి ఆగండి. బంతి గ్లవ్‌లో నిలిచిందో జారిందో ఆ క్షణంలోనే తెలుస్తుంది.

క్యాచర్‌కి ఫౌల్ టిప్ గట్టిగా తగిలి చెయ్యి విదిలించుకుంటుంటే, ప్లేట్ శుభ్రంగానే ఉన్నా నేను ముందుకెళ్లి నింపాదిగా దులుపుతాను. ఆమె తేరుకోవడానికి అర నిమిషం దొరుకుతుంది. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన, రిటైరైన పీటీ మాస్టారు, ఇది చూపించినప్పుడు ఏమీ వివరించలేదు. కొన్నాళ్లకి బంతి నా భుజానికి తగిలింది. అప్పుడు క్యాచర్ టైమ్ అడిగి, పిచ్చర్ దగ్గరికి మెల్లగా నడుచుకుంటూ వెళ్లింది. మాస్టారు చేసిన దానికి అర్థం ఆ రోజు తెలిసింది.

వాదనలు వస్తాయి. కెప్టెన్ వచ్చి "ఏన్ సార్, క్లియర్ సేఫ్ అదు" (ఏంటి సార్, అది క్లియర్‌గా సేఫ్) అంటే మాస్క్ తీసి ముఖం చూసి వినండి. వేలు చూపించొద్దు, గొంతు పెంచొద్దు. "ట్యాగ్ ముందు పడింది, నేను చూశాను" అని (ట్యాగ్ అంటే రన్నర్‌కి బంతి తగిలించడం) ఒక్క వాక్యం చెప్పి మీ చోటికి వచ్చేయండి. సేఫ్, ఔట్, బాల్, స్ట్రైక్ అన్నవి మీ కంటికి వదిలేసినవి, వాటి మీద అప్పీలు లేదు. రూల్ తప్పుగా అన్వయిస్తే మాత్రం అడిగే హక్కు వాళ్లకుంది. ఒకసారి ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు, అప్పటికి ఇద్దరు ఔట్. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ పట్టుకోలేక వదిలేశాడు, బ్యాటర్ పరిగెత్తి ఫస్ట్ బేస్ చేరుకున్నాడు. ఫస్ట్ బేస్ ఖాళీగా లేనప్పుడు బ్యాటర్ అలా పరిగెత్తకూడదు కదా అని నేను ఔట్ ఇచ్చాను. కెప్టెన్ నెమ్మదిగా వచ్చి "ఇద్దరు ఔటయ్యాక పరిగెత్తొచ్చు కదా సార్" అన్నాడు. అతను చెప్పిందే రూల్. బేస్ అంపైర్‌ని పక్కకి పిలిచి అడిగి, ఇద్దరు కెప్టెన్ల ముందూ నాదే పొరపాటని చెప్పి బ్యాటర్‌ని సేఫ్‌గా నిలబెట్టాను. మిగతా ఆట ఏ గొడవా లేకుండా సాగింది. అయితే మీ జోడీ అంపైర్ ఇచ్చిన నిర్ణయం మీకు తప్పనిపించినా, ఆయన అడిగితే తప్ప జనం ముందు నోరు విప్పకండి.

డబ్బులు టోర్నమెంట్ నడిపేవాళ్ల దగ్గరే తీసుకోండి, ఏ జట్టు కెప్టెన్ చేతి నుంచీ కాదు. గెలిచినవాళ్లు ఫొటోకి రమ్మంటారు, బిర్యానీ తినమంటారు. రెండు చేతులూ జోడించి సెలవు తీసుకోండి. నేను టిఫిన్ ఇంటి దగ్గరే తినేసి వెళ్తాను, నీళ్ల బాటిల్ కూడా నాదే.

వీలైతే మొదటి మ్యాచ్‌కి ప్లేట్ వెనక కాకుండా బేస్ దగ్గర నిలబడతానని అడగండి. ప్యాంటు కుట్టడానికి దర్జీలు వారం అంటారు, పండగలప్పుడైతే ఇంకా ఎక్కువ. మీ టోర్నమెంట్ వచ్చే నెలలోనే అన్నారు కదా, ఈ శనివారమే షిన్ గార్డులు పట్టుకుని కొలతలు ఇచ్చిరండి.